ఖిడ్కీ దస్తా

రమజాన్‌లో రెండో జుమా నాటి మాట. ఎప్పటిలాగే గిద్దలూరులో పొద్దుటి రైలెక్కి కంభం మీదుగా మార్కాపురం రోడ్డు స్టేషన్లో దిగి, ఆటోలో ఊళ్లోకి వెళ్లాను. వారంలో ఆరు రోజులు వార్తల కోసం ఊళ్లమ్మట తిరిగే నాకు జుమా ఒక్కటే అమ్మీ రోజు. మా మొహల్లా మసీదులో జుమా నమాజ్ చదివి, అమ్మీతో ఇఫ్తార్ చేసి, రాత్రికి గిద్దలూరు తిరిగి రావడం అలవాటు.

ఆ సాయంత్రం సెహన్‌లో కూర్చుని ఖర్జూరాల్లో గింజలు తీస్తున్నాను. మసీదు మైకులో అజాన్ మొదలైంది. బిస్మిల్లా అనుకుని ఒక ఖర్జూరం నోట్లో వేసుకుని, నాలుగు గుక్కలు నీళ్లు తాగి, షర్బత్ గ్లాసుతో అమ్మీ గదిలోకి వెళ్లాను. దస్తర్‌ఖాన్ ముందు కూర్చుని ఉంది. ఒక చేతిలో ఖర్జూరం, ఇంకో చేతిలో ఫోను. కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చుకుని ఫోన్లో టైము చూస్తోంది.

"అమ్మీ, రోజా ఖోలో! అజాన్ అయిపోవస్తోంది."

"అయిందా?" అంది.

మసీదుకీ మా ఇంటికీ మధ్య నాలుగే ఇళ్లు. ఆ మసీదు అజాన్ వినే అమ్మీ నలభై ఏళ్లు మమ్మల్ని లేపింది, వండింది, బడికి పంపింది. గడియారం పాడైతే బాగు చేయించడానికి కూడా తొందరపడేది కాదు. అలాంటి అమ్మీ ఫోను చూసి రోజా విప్పుకోవడం నేనెప్పుడూ చూడలేదు. చెవులు మందగించాయేమో అనుకున్నాను. తర్వాత ఖిడ్కీ వైపు చూశాను.

మూసి ఉంది. దాని దస్తా లేదు. దస్తా ఉండాల్సిన చోట రెండు మరల మధ్య నలుచదరంగా ఒక చిన్న బొక్క.

"ఎప్పుడు విరిగింది?"

"మొన్ననే."

"మొన్నంటే?"

అమ్మీ పకోడీల పళ్లెం నా ముందుకు జరిపింది. "ముందు తిను బేటా. సంక్రాంతి అప్పుడు పోయింది."

సంక్రాంతి తర్వాత నేను ఆ ఇంటికి కనీసం ఐదారు జుమాలు వచ్చి ఉంటాను. ఆ గదిలోనే కూర్చుని టీ తాగాను. మునిసిపాలిటీ కాలువ మీద రాయి లేచిపోతే ఫొటో తీసి వార్త రాసేవాణ్ణి, అమ్మీ తల పక్కన ఖిడ్కీ తెరుచుకోవట్లేదని చూడలేదు. పకోడీ గొంతులో ఇరుక్కుంది.

ఆ ఖిడ్కీ కథ చెప్పాలి. మా ఇల్లు అబ్బా కట్టింది. అబ్బా పలకల ఫ్యాక్టరీలో చట్రాలు బిగించేవాడు. మార్కాపురం పలకంటే ఒకప్పుడు ఎక్కడెక్కడి బడి పిల్లల చేతుల్లోనో ఉండేది. కాయితం, ప్లాస్టిక్ పలక వచ్చాక ఆ గిరాకీ తగ్గి, ఇప్పుడు అదే రాయి ఇళ్లకు పరిచే పలకలుగా కోసుకుని లారీల్లో పోతోంది. ఆ లారీలే మా వీధి చివర నుంచి పోతాయి. బూడిదరంగు రాతి పొడి ఇంట్లో అన్నిటి మీదా పడుతుంది. పొద్దున తుడిచిన జానమాజ్ మీద సాయంత్రానికి వేలు పెడితే గీత పడుతుంది.

అబ్బా ఇంతికాల్ అయిన తర్వాత, దమ్మామ్‌లో ఉన్న మా తమ్ముడు డబ్బు పంపి ఇల్లు బాగు చేయించాడు. పాత చెక్క ఖిడ్కీలు తీయించి, తెల్ల ప్లాస్టిక్ చట్రం, రెండు అద్దాల ఖిడ్కీలు పెట్టించాడు. అంటే ఒక రెక్కలో ఒక అద్దం కాదు, రెండు. ఒక్కోటి 5 మిల్లీమీటర్లు, వాటి మధ్య 12 మిల్లీమీటర్ల ఖాళీ, చుట్టూ గాలి చొరబడకుండా సీలు. చలిదేశాల్లో ఇంట్లో వేడి బయటికి పోకుండా వాడే పద్ధతి. మనకి దుమ్ము, శబ్దం ఆపడానికి పనికొస్తుంది. ఏసీ చల్లదనం కూడా కొంత నిలుస్తుంది. అయితే మామూలు అద్దాలైతే నేరుగా పడే ఎండని అవి ఆపలేవు. పడమటి గోడకి పెడితే పైన చూరో, పర్దానో, ఎండని తిప్పికొట్టే పూత ఉన్న అద్దమో ఉండాల్సిందే. ఆ సంగతి మాకు పెట్టించాకే తెలిసింది.

ఒక్క విషయంలో మాత్రం అమ్మీ పట్టుబట్టింది. అబ్బా వేయించిన ఇనుప చువ్వలు తీయనివ్వలేదు. "మీ అబ్బా చేత్తో నిలబెట్టినవి, ఉండనీ" అంది. పనివాళ్లు చువ్వల బయటి వైపు కొత్త చట్రం కూర్చోబెట్టిపోయారు. రెక్కలు బయటికి తెరుచుకుంటాయి. తెరవాలంటే చువ్వల సందులో నుంచి చెయ్యి పెట్టి దస్తా తిప్పాలి.

ఖిడ్కీలు పెట్టిన కొత్తలో తమ్ముడు వీడియో కాల్‌లో అన్నాడు, "అమ్మీ, ఇక దుమ్ము రాదు, లారీ మోత వినపడదు, హాయిగా నిద్రపో." అమ్మీ మాషా అల్లాహ్ అంది. ఆ మాట నిజమే, లారీ మోత తగ్గింది. దాంతోపాటే అజాన్ కూడా తగ్గింది. పక్కింటి అత్త గోడ అవతల నుంచి "అక్కా, కరేపాకు కావాలా?" అని కేకేస్తే వినపడటం మానేసింది. ఖిడ్కీ తెరిచినన్నాళ్లూ ఫరక్ తెలీలేదు. దస్తా విరిగాక ఆ గది డబ్బా అయింది. కరెంటు పోతే తందూర్.

"నాకు ఫోన్ చేస్తే ఏమైంది అమ్మీ?"

"నీకు చెప్తే నువ్వు వాడికి చెప్తావు. వాడు ఎండలో నిలబడి సంపాదించిన పైసలు రా. ఒక్క ఖిడ్కీకి ఎంత పోశాడో నాకు తెలీదా? రెండేళ్లకే విరిగిందని తెలిస్తే వాడి దిల్ ఏమైపోతుంది?"

అని లేచి, బీరువా తెరిచి, చీరల కింద నుంచి ఒక రుమాల్ తీసింది. విప్పితే అందులో విరిగిన దస్తా. ఎవరో పోయినవాళ్ల ఉంగరాన్ని దాచినట్టు దాచింది.

*

రాత్రి రైల్లో తిరిగొస్తూ ఆ మాట గురించే ఆలోచించాను. నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. డిగ్రీ తెలుగు. రెండు భాషల మధ్య బతికేవాడికి ఇలాంటప్పుడు మాటలే తోడు. మనం తెలుగులో కిటికీ అంటాం, అది మన ఖిడ్కీయే. డిగ్రీలో మా సార్ గవాక్షం అని చెప్పారు, ఆవు కన్ను అని. గోడకి పైన పెట్టే చిన్నదాన్ని మా దాదీ రోషన్‌దాన్ అనేది, వెలుతురు ఉంచే పాత్ర అని అర్థం. చెడిపోయినదాన్ని బాగు చేయడానికి తెలుగువాళ్లందరూ వాడే మరమ్మతు కూడా అటు నుంచి వచ్చిందే.

ఇక దస్తా. ఫార్సీలో దస్త్ అంటే చెయ్యి. చేత్తో పట్టుకునేది దస్తా. చేత్తో రాసేది దస్తఖత్. రిజిస్ట్రారాఫీసులో మనం వేలిముద్రలేసే దస్తావేజు కూడా ఆ చేతిదే. మన వైపు ఇంటికో దస్తగిరి ఉంటాడు, హిందువుల ఇళ్లల్లో కూడా ఆ పేరు పెట్టుకుంటారు. దస్త్‌గీర్ అంటే చెయ్యి పట్టుకుని ఆదుకునేవాడు. అమ్మీ ఖిడ్కీకి పోయింది లోహపు ముక్క కాదు, ఆమె చెయ్యి అనిపించింది. ఎవర్నీ అడక్కుండా తన గాలి తాను తెచ్చుకునే చెయ్యి.

శనివారం గిద్దలూరులో హార్డ్‌వేర్ షాపుకి వెళ్లాను. "ఖిడ్కీ హ్యాండిల్ విరిగింది, కొత్తది ఇవ్వండి" అన్నాను. షాపాయన పక్కకి జరిపే అల్యూమినియం కిటికీ లాక్ ఒకటి తీసి పెట్టాడు. ఇది కాదన్నాను. "మరి పాతది తెచ్చారా?" అన్నాడు. తేలేదు. అది అమ్మీ రుమాల్‌లోనే ఉంది. నోట్‌బుక్ లేకుండా వార్తకి పోయిన కుర్ర విలేకరిలా వెనక్కి తిరిగాను. చదివేవాళ్లకి మొదటి సలహా ఇదే. ఏ దస్తా కొనాలన్నా విరిగినదాన్ని, దాని మరలతో సహా, జేబులో వేసుకుని వెళ్లండి.

తర్వాతి జుమా వరకు ఆగబుద్ధి కాలేదు. ఆదివారమే మార్కాపురం వెళ్లాను. మా వీధిలో వడ్రంగం చేసే ఆచారి గారిని పిలిచాను. అబ్బాతో కలిసి పలకల చట్రాల పని చేసిన మనిషి. ప్లాస్టిక్ ఖిడ్కీల పని ఆయనది కాదు గానీ, చట్రం అంటే ఏదైనా చట్రమే అంటాడు.

ఆయన వచ్చి, ఖిడ్కీ ముందు కాసేపు ఊరికే నిలబడ్డాడు. తర్వాత నడిమి గదిలోకి పోయి, అక్కడ అదే రకం ఖిడ్కీకున్న దస్తాకి రెండు మరలు విప్పి, దాన్ని తెచ్చి అమ్మీ గది ఖిడ్కీ బొక్కలో పెట్టి తిప్పాడు. బలంగా తిప్పాల్సి వచ్చింది. టక్కుమని తెరుచుకుంది.

అంతే. రెండు నెలలు మూసుకుపోయిన ఖిడ్కీ ఐదు నిమిషాల్లో తెరుచుకుంది. పక్క గదిలోనే ఉంది దాని చాబీ. స్క్రూడ్రైవర్ పట్టుకోవడం వచ్చిన నేను రెండు నెలలుగా వచ్చిపోతూనే ఉన్నాను. అమ్మీ చువ్వలు పట్టుకుని బయటికి చూసింది. ఏమీ అనలేదు.

"ఇదే దస్తా ఇంకోటి కొనేస్తే సరిపోతుందిగా ఆచారి గారూ" అన్నాను.

"కొంటే ఇదీ విరుగుద్ది భాయ్" అన్నాడాయన. "విరిగింది హ్యాండిల్. చెడిపోయింది హ్యాండిల్ కాదు."

రెక్క బయటికి తెరిచి ఉంచి దస్తా తిప్పి చూపించాడు. వెన్నలా తిరిగింది. రెక్క మూసి తిప్పాడు. మొరాయించింది. లోపల ఏముందో అప్పుడు వివరించాడు. దస్తా వెనక నలుచదరపు కడ్డీ ఒకటి ఉంటుంది. అది రెక్క అంచులో ఉన్న చిన్న గేరులో దూరుతుంది. దస్తా తిప్పితే గేరు ఒక పొడుగు పట్టీని పైకీ కిందికీ జరుపుతుంది. ఆ పట్టీకున్న చిన్న చిన్న బొడిపెలు చట్రంలోని కొక్కేల్లోకి దూరి రెక్కని బిగిస్తాయి. తెరిచినప్పుడు సులువుగా తిరిగి, మూసినప్పుడు బిగుసుకుంటోందంటే గేరు బాగానే ఉంది, బొడిపెలే కొక్కేలకి ఎదురు రావడం లేదన్నమాట. రెక్క కిందికి వాలింది.

ఎందుకు వాలింది? బరువు. అద్దం చదరపు మీటరుకి ఒక్కో మిల్లీమీటరు మందానికి రెండున్నర కిలోలు తూగుతుంది. మా ఖిడ్కీ రెక్క నాలుగడుగుల ఎత్తు, రెండడుగుల వెడల్పు. 5 మిల్లీమీటర్ల అద్దాలు రెండంటే పద్దెనిమిది కిలోల పైమాట. అంత బరువు రెండేళ్లు ఒక పక్క బందుల మీదే వేలాడింది. ఆచారి గారు కొలబద్ద పెట్టి చూస్తే మూడు మిల్లీమీటర్లు దిగింది. దానికి తోడు బొడిపెల సందుల్లో బూడిదరంగు ముద్ద. రాతి పొడి, తేమ కలిసి గట్టిపడింది.

"మీ నాయన ఏమనేవాడో గుర్తుందా? కొలత తప్పితే పలక చట్రంలో కూర్చోదు, బలవంతం చేస్తే పలక పగులుద్ది. ఇక్కడ పలక పగల్లా, హ్యాండిల్ పగిలింది."

ఆయన అద్దం చుట్టూ ఉన్న పట్టీలు ఊడదీసి, అద్దానికీ చట్రానికీ మధ్య బందు వైపు అడుగున ఒక ప్లాస్టిక్ బిళ్ల, దానికి ఎదురు మూల పైన ఇంకో బిళ్ల పెట్టాడు. అద్దమే రెక్కని మూలకి మూల ఎత్తి పట్టుకునేలా. పాత బ్రష్షుతో కొక్కేలన్నీ శుభ్రం చేసి, పల్చటి నూనె రెండు చుక్కలు వేశాడు. మూసి, నడిమి గది దస్తాతో తిప్పాడు. ఈసారి రెండు వేళ్లతో తిరిగింది.

అప్పుడాయన అమ్మీని పిలిచాడు. "వదినమ్మా, మీరెట్లా తీసేవారో ఒకసారి తీసి చూపించండి."

అమ్మీ చువ్వల సందులోంచి చెయ్యి పెట్టింది. కిందికి వేలాడుతున్న దస్తాని సగం తిప్పేసరికి ఆమె మణికట్టు చువ్వకి తగిలింది. చెయ్యి బయటికి తీసి, పక్క సందులో పెట్టి, దస్తా కొసని వేళ్లతో అవతలికి తోసింది. ప్రతి రోజూ, రోజుకి నాలుగైదుసార్లు, గఠియా పట్టిన వేళ్లతో అలా తోసింది. కొత్త ఖిడ్కీ కొలతలు తీసుకున్నవాళ్లు గోడని కొలిచారు, అద్దాన్ని కొలిచారు. చువ్వల మధ్య అమ్మీ చెయ్యి ఎలా తిరుగుతుందో ఎవరూ కొలవలేదు. డబ్బులిచ్చినవాడూ, దగ్గరుండి చూసుకున్న నేనూ కూడా.

*

సోమవారం వేరే పని మీద ఒంగోలు వెళ్లాల్సి ఉంది. రుమాల్‌తో సహా విరిగిన దస్తా, చువ్వల సందు కొలత రాసుకున్న కాయితం పట్టుకుని వెళ్లాను. మొదటి షాపులో చూడటానికి అచ్చం అలాంటిదే ఒకటి చూపించారు. తిప్పి చూస్తే వెనక కడ్డీ లేదు, పక్కకి ముక్కులా ఒక నాలుక ఉంది. అది వేరే జాతి. ఆ నాలుకే చట్రం మీద ఎక్కి బిగుస్తుంది. దానికి కొలవాల్సింది కడ్డీ కాదు, అడుగు నుంచి నాలుక ఎంత ఎత్తులో ఉందన్నది. ముందు వైపు చూస్తే రెండూ కవల పిల్లలు. వెనక్కి తిప్పి చూడకపోతే మోసపోతాం.

రెండోది ఖిడ్కీలు తయారుచేసే వర్క్‌షాపు. అక్కడ ఒక కుర్రాడు వెర్నియర్ తీసి మూడు కొలతలు చెప్పాడు. మర నుంచి మరకి మధ్య దూరం 43 మిల్లీమీటర్లు. కడ్డీ మందం 7 మిల్లీమీటర్ల చదరం. ఈ రెండూ చాలా కంపెనీలవి ఒకటేనట. తేడా వచ్చేది మూడోదానిలో, కడ్డీ పొడవు. మాది 35. పొట్టిదైతే గేరు కొసని మాత్రమే పట్టుకుని కొన్నాళ్లకి అరిగి జారిపోతుంది. పొడుగైతే దస్తా రెక్కకి ఆనుకోకుండా లేచి నిలబడుతుంది. మరీ తప్పకపోతే పొడుగుదాన్ని రంపంతో కోసుకోవచ్చు. పొట్టిదాన్ని పెంచలేం.

తర్వాత ఆ కుర్రాడు నా ముందు నాలుగు రకాలు పరిచాడు.

ఒకటి వంకీ తిరిగినది. పట్టుకునే భాగం పక్కకి వంగి ఉంటుంది, చట్రం చెయ్యికి అడ్డం రాకుండా. దాంట్లో ఎడమ రెక్కకి వేరు, కుడి రెక్కకి వేరు. తప్పు తీసుకుంటే పనికిరాదు. మాకు తిన్నటిదే చాలు. అది ఏ వైపుకైనా పనిచేస్తుంది.

రెండోది పొడుగు దస్తా. చెయ్యి పొడుగైన కొద్దీ బలం తక్కువ పడుతుంది. నొప్పులున్న పెద్దవాళ్లకి ఇదే మంచిదన్నాడు. వారం కిందటైతే అదే కొనేవాణ్ణి. కానీ కాయితం తీసి చూశాను. చువ్వల సందు 100 మిల్లీమీటర్లు. ఆ దస్తా 130. అది తిరిగితే కొస పక్క సందులోకి పోతుంది. మళ్లీ అమ్మీ చెయ్యి మార్చాలి.

మూడోది తాళం ఉన్నది. చాబీ వేస్తే బయటినుంచి అద్దం పగలగొట్టినా దస్తా తిరగదు. చూడటానికి దిట్టంగా ఉంది. కొన్నిటికి చాబీతో పాటు బొటనవేలితో నొక్కి పట్టే బొత్తాం కూడా ఉంది. నొక్కుతూ తిప్పాలి. నేను కళ్లు మూసుకుని అమ్మీ బొటనవేలిని తలుచుకున్నాను.

నాలుగోది పొట్టిది. 90 మిల్లీమీటర్లు. వెడల్పుగా, అంచులు నునుపుగా ఉంది. పొట్టిది కాబట్టి ఎక్కువ బలం పెట్టాలి. కానీ ఆచారి గారు రెక్క ఎత్తాక రెండు వేళ్లతో తిరుగుతోంది కదా. అది చేయించకుండా ఈ పొట్టిదాన్ని కొని ఉంటే వారంలో మళ్లీ రుమాల్‌లోకి వెళ్లేది. విరిగింది జింకు పోతపోసినది. ఇలాంటివి చాలావరకు అలాగే ఉంటాయట, ఒంపు లేకుండా ఒక్కసారే పుటుక్కుమంటాయి. ఇది లోపల ఉక్కు కడ్డీ, పైన అల్యూమినియం. ధరలో నూట యాభై రూపాయలు తేడా.

కొనే ముందు తమ్ముడికి ఫోన్ చేయక తప్పలేదు. అమ్మీకి ఇచ్చిన మాట తప్పుతున్నానని తెలుసు. కానీ ఆ ఇల్లు వాడి డబ్బుతో బాగుపడ్డ ఇల్లు. వాడికి తెలీకుండా ఆ ఇంట్లో ఏదీ మార్చడం నాకు అమానత్‌లో ఖయానత్‌లా అనిపించింది.

"తాళం ఉన్నదే పెట్టు భాయ్" అన్నాడు వెంటనే. "అమ్మీ ఒక్కతే ఉంటుంది. దొంగల భయం. పైసలు నేను పంపిస్తా."

"పైసల సంగతి కాదు రా. అబ్బా చువ్వలు ఉన్నాయి కదా. అద్దం పగలగొట్టినా ఆ చువ్వలు దాటి ఎవడూ రాలేడు. తాళం ఎవర్ని ఆపుతుంది? అమ్మీనే ఆపుతుంది. రాత్రి గ్యాస్ వాసన వచ్చిందనుకో, పొగ వచ్చిందనుకో, చాబీ ఎక్కడుందో వెతుక్కుంటుందా?"

కాసేపు మాట లేదు. అప్పుడు చెప్పాను, రోజా విప్పడానికి అమ్మీ ఫోను చూసిన సంగతి.

"నాకెవరూ చెప్పలేదే" అన్నాడు.

"నాకూ చెప్పలేదు. నేనే చూడలేదు."

"దుమ్ము రాదు, హాయిగా ఉంటుంది అనుకున్నా భాయ్. ఇక్కడ నా గది ఖిడ్కీకి దస్తానే లేదు. తెరిచేది కాదది. బయట ఎండో వానో ఫోన్లో చూసుకుంటా. అమ్మీకీ అదే పంపించానన్నమాట."

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. షాపు కుర్రాడు బిల్లు పుస్తకం పట్టుకుని నిలబడ్డాడు. "వాణ్ణి వాడు అనుకోకు, అద్దాలు మంచివే" అనబోయి, అది మరీ పొడి మాటగా తోచి ఊరుకున్నాను. చివరికి తమ్ముడే అన్నాడు, "పొట్టిదే తీసుకో. నాలుగు తీసుకో. అన్ని ఖిడ్కీలకీ మార్చెయ్."

"వద్దు రా. మిగతావి బాగానే ఉన్నాయి. ఊరికే మారిస్తే ఇస్రాఫ్. రెండు తీసుకుంటా. ఒకటి అమ్మీ గదికి, ఒకటి ఇంట్లో ఉంచుతా, మళ్లీ విరిగితే రెండు నెలలు ఆగకుండా."

*

ఆ జుమాకే బిగించాం. బిగించడం అంటే పెద్ద పనేమీ కాదు. రెక్క మూసి, గేరు మూసిన స్థితిలో ఉన్నప్పుడు దస్తా కిందికి చూసేలా కడ్డీ దూర్చి, పై బిళ్ల పక్కకి తిప్పి, రెండు మరలు బిగించి, బిళ్ల మళ్లీ తిప్పడమే. మరలు మరీ గట్టిగా బిగిస్తే దస్తా తిరగడం బరువవుతుంది. ఆచారి గారు నా చేతే బిగింపించాడు, పక్కన నిలబడి.

"అమ్మీ, చూడు."

చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుని వచ్చింది. చువ్వల సందులో చెయ్యి పెట్టింది. దస్తా తిప్పింది. మణికట్టు చువ్వకి తగల్లేదు. రెక్కని బయటికి నెట్టింది. లారీ మోత, పిల్లల గోల, ఎవరింట్లోనో నూనెలో సమోసాలు వేస్తున్న చప్పుడు, అన్నీ ఒక్కసారే లోపలికి వచ్చాయి. వాటితో పాటు దుమ్ము కూడా.

"వాడికి చెప్పావు కదూ?" అంది ఖిడ్కీ వైపు చూస్తూనే.

"చెప్పాను."

"దిల్ చిన్నబుచ్చుకున్నాడా?"

"కొంచెం."

అమ్మీ కాసేపు ఆలోచించి, "ఫోన్ కలుపు" అంది. దమ్మామ్‌లో మనకంటే రెండున్నర గంటలు వెనక. వాడు పనిలో ఉన్నాడు, తలకి టోపీ, వెనక ఎండ. అమ్మీ ఫోన్‌ని చువ్వల దగ్గరికి పట్టుకుని చెప్పింది, "చూడు బేటా, మధ్యాహ్నం పూట మూసేస్తా, ఎండా దుమ్మూ రావు, నీ అద్దాల వల్ల గది చల్లగానే ఉంటుంది. అసర్ తర్వాత తెరుస్తా. రెండూ నా చేతిలోనే ఉన్నాయి." వాడు తల ఊపాడు. ఏదో అడగబోయాడు గానీ వెనక ఎవరో పిలిస్తే పెట్టేశాడు.

మగ్రిబ్‌కి దస్తర్‌ఖాన్ ఖిడ్కీ పక్కనే పరిచాం. అమ్మీ ఫోను దిండు కింద పెట్టేసింది. చేతిలో ఖర్జూరం పట్టుకుని, తల కొంచెం పక్కకి వంచి కూర్చుంది, చిన్నప్పుడు మేం చూసినట్టే. ముయజ్జిన్ మైకు మీద వేలితో తట్టిన చప్పుడు ముందు వినపడింది. ఆ చప్పుడుకే అమ్మీ బిస్మిల్లా అంది. "ఇంకా అజాన్ మొదలవలేదు అమ్మీ" అంటే, "తెలుసులే, చేతులు సిద్ధం చేసుకుంటున్నా" అని నవ్వింది. గోడ అవతల నుంచి పక్కింటి అత్త కేకేసింది, "అక్కా, కిటికీ తీశావా? ఊళ్లో లేవేమో అనుకుంటన్నా ఇన్నాళ్లూ!"

మన ఇళ్లల్లో ఇప్పుడు చాలా చోట్ల గల్ఫ్ నుంచో, హైదరాబాద్ నుంచో, బెంగుళూరు నుంచో పిల్లలు పంపిన డబ్బుతో కొత్త దర్వాజాలు, కొత్త ఖిడ్కీలు వస్తున్నాయి. అల్లాహ్ వాళ్ల కమాయీలో బర్కత్ ఇవ్వాలి. మీరు ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు ఒక పని చేయండి. అమ్మీ గదిలోకో, నానీ గదిలోకో వెళ్లి, "ఖిడ్కీ ఒకసారి తీసి చూపించు" అని వాళ్ల చేతే తీయించండి. మీరు తీయొద్దు. పక్కన నిలబడి వాళ్ల చెయ్యి ఎక్కడ ఆగుతుందో చూడండి. మూసినప్పుడు బిగుసుకుంటే ముందు రెక్క సరిచేయించండి, తర్వాత దస్తా కొనండి. ఇంట్లో చువ్వలుంటే తాళం దస్తా అవసరమో కాదో ఒకసారి ఆలోచించండి. తాళం ఉన్నదే తప్పదంటే చాబీ వాళ్లకి అందే మేకుకి తగిలించండి.

రెండో దస్తా మా బీరువాలోనే ఉంది, చీరల కింద, అదే రుమాల్‌లో. పాతది పారేద్దామంటే అమ్మీ ఒప్పుకోలేదు. దాన్ని కూడా అందులోనే చుట్టి పెట్టింది.

దువాల్లో యాద్ ఉంచుకోండి.